మెకంజీ దొర జావాకి ఎందుకెళ్ళాడు? కొండ ఊళ్ళలో భూమి, ప్రాణం, రాత్రి కాపలా



ఈసారి పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి. ఇది మన కొండల చరిత్ర కాదు. సముద్రం అవతల, ఇండోనేషియాలోని జావా దీవిలో కొండల మీద బతికే వాళ్ళది. దీని జోలికి మేమెందుకు పోయామో ముందు చెప్పాలి.

మా హిస్టరీ పేపర్లో కైఫీయత్తుల గురించి ఒక యూనిట్ ఉంది. కల్నల్ కాలిన్ మెకంజీ మన ఊళ్ళకు మనుషుల్ని పంపి, కరణాల దగ్గరా పెద్దవాళ్ళ దగ్గరా ఊరి చరిత్రలు రాయించి పోగేశాడు. అదంతా మీకూ తెలిసే ఉంటుంది. నోట్సు చివర్లో ఒక చిన్న వాక్యం కనబడింది: 1811 నుంచి 1813 దాకా ఆయన జావాలో పనిచేశాడు అని. ఎందుకెళ్ళాడు సార్ అని అడిగాం. అది పరీక్షకి రాదమ్మా అన్నారు. పరీక్షకి రానిదంటేనే మాకు ఆశ ఎక్కువ. రూములో ముగ్గురం కలిసి లైబ్రరీలోనూ ఫోన్లోనూ దొరికినంత చదివాం.

సంగతి ఇది. 1811లో ఇంగ్లీషు వాళ్ళు డచ్చి వాళ్ళ చేతిలోంచి జావాని లాక్కున్నారు. స్టాంఫర్డ్ రాఫెల్స్ అనే ఆయన్ని లెఫ్టినెంట్ గవర్నరుగా పెట్టారు. జావాలో భూమి ఎవరిది, రైతుదా, ఊరిదా, రాజుదా అని తేల్చడానికి ఆయనొక కమిషన్ వేశాడు. దానికి పెద్ద మన మెకంజీయే. ఆ తర్వాత రాఫెల్స్ తెచ్చిన భూమి శిస్తుకి మద్రాసు ప్రెసిడెన్సీ అనుభవం ఒక నమూనా. అంటే సీడెడ్ జిల్లాల్లో, ఇప్పటి రాయలసీమలో, మన్రో నడిపిన రైత్వారీ పద్ధతి లాంటిదన్నమాట. కమిషన్ అంతా అయ్యాక రాఫెల్స్ తేల్చింది ఒక్క ముక్క: భూమికి అసలు యజమాని ప్రభుత్వం, సాగు చేసేవాడు కౌలుదారు.

మన నేల మీద గొలుసు లాగి కొలిచిన దొరలే అక్కడా కొలిచారని తెలిశాక ఆ ఊళ్ళని వదలబుద్ధి కాలేదు.

తూర్పు జావాలో బ్రోమో అనే అగ్నిపర్వతం ఉంది. ఆ పేరు బ్రహ్మ నుంచి వచ్చింది. పక్కనే ఉన్న సెమేరు మన మేరువే. ఊరిని వాళ్ళు 'దేసా' అంటారు, మన 'దేశం' మాటే. ఈ కొండల చుట్టూ ఉండేవాళ్ళు టెంగ్గెర్ జనం. పసురువాన్, ప్రోబోలింగో, లుమజాంగ్, మలాంగ్ అనే నాలుగు జిల్లాల్లో వాళ్ళ ఊళ్ళు పరుచుకుని ఉన్నాయి. న్గాదాస్ అనే ఊరు సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లంబసింగి చలి గురించి గొప్పలు చెప్పుకుంటాం కదా, లంబసింగికి రెట్టింపు ఎత్తు అది. మగా ఆడా భుజాల చుట్టూ లుంగీ లాంటి గుడ్డ చుట్టుకునే తిరుగుతారు. చుట్టం వస్తే కూర్చోబెట్టేది ముందు గదిలో కాదు, పొయ్యి దగ్గర. ఆ మాట చదవగానే మా ముగ్గురికీ ఇల్లు గుర్తొచ్చింది.

కింద మైదానాలు ముస్లిం రాజ్యాలయ్యాక కూడా టెంగ్గెర్ వాళ్ళు పాత పద్ధతులు వదల్లేదు. ఏడాదికోసారి కసద పండగకి బ్రోమో నోటి దగ్గరికెళ్ళి పంటలూ కోళ్ళూ లోపలికి విసురుతారు. పిల్లలు లేని మొదటి దంపతులు, రర అంతెంగ్, జక సెగెర్, కొండకి మొక్కుకుంటే ఇరవై అయిదు మంది పుట్టారనీ, మొక్కు ప్రకారం ఆఖరివాడు కొండకి పోయాడనీ కథ.

భూమి గురించి వాళ్ళ దగ్గరున్న పాత ఆధారం కాగితం కూడా కాదు, రాగి రేకు. పెనాంజకాన్ దగ్గర 1880లో దొరికింది. దాని మీద తేదీ మన లెక్కలో 1405, మజపహిత్ రాజుల కాలం. వలండిట్ అనే ఊళ్ళో ఉండేది దేవుడి సేవకులు, ఆ నేల పవిత్రమైనది, కాబట్టి వాళ్ళని ఫలానా పన్ను అడగకూడదు అని అందులో ఉంది. రాజు కూడా పన్ను అడగని నేలని తర్వాత వచ్చినవాళ్ళు మాదే అన్నారు.

రాఫెల్స్ తన జావా చరిత్ర పుస్తకంలో (1817) టెంగ్గెర్ వాళ్ళని తెగ మెచ్చుకున్నాడు. శాంతంగా ఉంటారు, కష్టపడతారు, దొంగతనం లాంటి నేరాలు వాళ్ళలో దాదాపు లేవు, జూదం నల్లమందు తెలియవు అని ఆయన మాటల సారం. చదువుతుంటే మొదట మాకు బాగానే అనిపించింది. తర్వాత చిరాకేసింది. 'అమాయక గిరిజనులు' అన్న మాట మనమెన్నిసార్లు వినలేదు? మెచ్చుకునే దొరే ఆ నేల సర్కారుదని రాసిన దొర కూడా. పైగా నేరం లేదంటే అది అమాయకత్వమేం కాదు. దాని వెనక ఏర్పాట్లున్నాయి. దూరం నుంచి వచ్చినవాడికి అవి కనబడవు.

ఆ ఏర్పాట్ల గురించి చెప్తాం. ఇది ఒక్క టెంగ్గెర్ సంగతే కాదు, జావా ఊళ్ళన్నిటిదీ. ఊరి మొదట్లోనో మలుపులోనో ఒక చిన్న కాపలా పాక ఉంటుంది. గర్దు అంటారు. అందులో కెంటోంగాన్ వేలాడుతుంది. చెట్టు దుంగనో లావు వెదురునో తొలిచి, పొడుగ్గా చీలిక పెట్టి, కర్రతో కొడితే కొండంతా వినబడేలా చేసినదది. చావుకి ఒక దెబ్బ, మంటలకి ఒక దెబ్బ, దొంగకి ఒక దెబ్బ. లెక్క ఊరిని బట్టి మారుతుంది, ఊరివాళ్ళకే అర్థమవుతుంది. ఆపకుండా గబగబా కొడితే దాన్ని తితిర్ అంటారు, అంటే అందరూ బయటికి రావాల్సిన ఆపద. రాత్రి కాపలాని రొండ అంటారు, మన 'రోంద' లాంటి మాటే. ఇంటికొకరు చొప్పున వంతులేసుకుంటారు. మధ్య జావా ఊళ్ళలో ఇంకో అందమైన ఆచారం ఉంది. ప్రతి ఇంటి ముందూ చిన్న డబ్బాలో గుప్పెడు బియ్యం పెడతారు. రొండ వాళ్ళు తిరుగుతూ ఆ బియ్యం పోగు చేస్తారు. దాని పేరు జింపితాన్. ఊరి అవసరాలకి అది నిధి. బియ్యం తీయడానికి ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్ళి తీరాలి కాబట్టి కాపలావాడు పాకలో పడుకుని తెల్లారబెట్టే వీల్లేదు. ఎవరు కనిపెట్టారో గానీ బుర్రున్న మనిషి. ఇప్పుడు చాలా చోట్ల బియ్యం బదులు చిల్లర నాణేలు పెడుతున్నారు.

ఇంత కాపలా ఎందుకంటే పశువుల కోసం. డచ్చి కాలంలో జావా పల్లెల్లో పెద్ద నేరం పశువుల దొంగతనం. దున్నే గేదె పోతే ఆ ఏడాది సాగు పోయినట్టే. పోలీసులు ఎక్కడో జిల్లా పట్నంలో ఉండేవారు. అందుకని పశువు పోతే పోలీసు దగ్గరికి కాదు, ఒక మధ్యవర్తి దగ్గరికి వెళ్ళేవారు. ఇంత డబ్బు కడితే ఫలానా చోట నీ గేదె కట్టేసి ఉంటుంది అని కబురొచ్చేది. ఈ వ్యవహారాల్లో ఉండే మొనగాళ్ళని జాగో అంటారు. ఆ మాటకి అర్థం కోడిపుంజు. వాడే దొంగ, వాడే కాపలా. ఊరి పెద్దకి బలం కావాలన్నా వాడే, పైనున్న డచ్చి అధికారికి ఊళ్ళో సంగతులు కావాలన్నా వాడే. డచ్చి పాలన పల్లెల్ని శాంతంగా ఉంచిందని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆ శాంతిలో సగం ఇలాంటి వాళ్ళ చేతుల్లో ఉండేది.

సరే, గేదెని దొంగ ఎత్తుకుపోతే దుంగ మోగించొచ్చు. భూమిని ఎత్తుకుపోతే ఏం మోగించాలి?

1830లో డచ్చి వాళ్ళు జావాలో నిర్బంధ సాగు మొదలుపెట్టారు. వాన్ డెన్ బోష్ అనే గవర్నరు జనరల్ తెచ్చిన పద్ధతి. మైదానంలో చెరకు, నీలిమందు, కొండల్లో కాఫీ. కాఫీ అంతకుముందు నుంచే ఉంది. 1690ల్లో మలబారు తీరం నుంచి మొక్కలు తెచ్చి జావాలో నాటారు, మొదటిసారివి వరదకి పోతే మళ్ళీ తెచ్చారు. అంటే కాఫీ కూడా మన దేశం వైపు నుంచే వెళ్ళింది. ఇప్పుడు ఇంటింటికీ ఇన్ని వందల చెట్లు అని లెక్క కట్టారు. చెట్లు పెంచాలి, గింజ కోసి ఎండబెట్టాలి, కొండ దిగి సర్కారు గోదాముకి మోసుకెళ్ళాలి, వాళ్ళు చెప్పిన ధరకే ఇవ్వాలి. మిగతా పంటల్లో ఈ నిర్బంధం 1870 తర్వాత సడలింది గానీ, కాఫీలో మాత్రం 20వ శతాబ్దం మొదలయ్యాక కూడా నడిచింది. అరకు, పాడేరు వైపు మనవాళ్ళ ఇళ్ళలో కాఫీ తోటలున్నాయి కదా, ఆ పని ఎంతో వాళ్ళకి చెప్పక్కర్లేదు. దాన్ని వద్దనే హక్కు లేకుండా చేయడం ఎలా ఉంటుందో ఊహించండి.

కాఫీతో పాటు టెంగ్గెర్ కొండల నడుమ వాలుల్లోకి కింద నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. పాత టెంగ్గెర్ ఊళ్ళు పై వాలుల్లో మిగిలాయి. ఈ వలస వచ్చినవాళ్ళు కూడా భూమి లేని బీదలే. వాళ్ళని శత్రువులుగా చూడటం మాకు సరి అనిపించలేదు.

అసలు దెబ్బ 1870ది. ఆ ఏడు తెచ్చిన భూమి చట్టంతో పాటు ఒక ప్రకటన చేశారు: ఎవరైతే తమదని పూర్తి యాజమాన్యం రుజువు చేసుకోలేరో ఆ భూమంతా ప్రభుత్వానిది. అంతకు ఐదేళ్ళ ముందు, 1865లో, జావా అడవులకి చట్టం వచ్చేసింది. మన వైపు మద్రాసు అటవీ చట్టం 1882ది. కొండల్లో ఎవడి దగ్గర కాగితం ఉంటుంది? ఫలానా వాగు నుంచి ఫలానా రాయి దాకా అని తాతలు చెప్పినదే దస్తావేజు. రుజువు చేయాల్సిన బరువు సర్కారు మీద కాకుండా రైతు మీద పెట్టడమే ఇందులో కిటుకు. ఒక్క వాక్యంతో కొండలకి కొండలు పోయాయి. ఏ రాత్రీ ఏ పాకలోనూ దుంగ మోగలేదు.

ఊరుకోనివాళ్ళూ ఉన్నారు. టెంగ్గెర్‌లో కాదు, మధ్య జావాలో బ్లోరా వైపు టేకు అడవుల్లో. 1890 ప్రాంతంలో సమీన్ అనే రైతు మాటలు విని చాలామంది పన్ను కట్టడం మానేశారు, అడవి అందరిదీ అని కట్టె కొట్టుకున్నారు. సర్వేవాళ్ళు గొలుసు పట్టుకుని వస్తే పొలంలో వెల్లకిలా పడుకుని ఇది నాది అని అరిచేవారట. కత్తి పట్టలేదు, తిరగబడి కొట్టలేదు. 1907లో సమీన్‌ని పట్టుకుని సుమత్రా దీవికి పంపేశారు, 1914లో అక్కడే పోయాడు. ఆయన దారిలో నడిచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

మళ్ళీ కాపలా పాక దగ్గరికి వద్దాం. దాని కథ ఇక్కడి నుంచి చీకటిగా ఉంటుంది.

1942లో జపాన్ సైన్యం జావాని ఆక్రమించింది. తమ దేశంలో ఉన్న ఇరుగుపొరుగు సంఘాల పద్ధతిని ఇక్కడ పెట్టింది. కొన్ని ఇళ్ళు కలిపి ఒక గుంపు, దానికొక పెద్ద. రేషన్ పంచడం, కూలికి మనుషుల్ని తీయడం, కొత్తవాళ్ళ మీద కన్నేయడం వాళ్ళ పని. జపాన్ వాళ్ళు పోయారు, గుంపులు ఉండిపోయాయి. ఇప్పుడు వాటిని ఆర్‌టీ అంటారు. ఇండోనేషియాలో ఏ వీధి మొదట్లో చూసినా ఒక బోర్డు కనబడుతుంది: బయటివాళ్ళు 24 గంటలు దాటి ఉంటే చెప్పి తీరాలి అని. ఊరు తన కోసం పెట్టుకున్న కాపలా నెమ్మదిగా సర్కారు కన్నుగా మారింది.

అది ఎంత దూరం వెళ్తుందో 1965లో తెలిసింది. 1960లో కొత్త స్వతంత్ర దేశం మంచి భూమి చట్టమే తెచ్చింది. భూమి పరిమితి పెట్టింది, సంప్రదాయ హక్కుల్ని కూడా మాట వరసకి గుర్తించింది. పంచడం మాత్రం జరగలేదు. 1963 తర్వాత కమ్యూనిస్టు రైతు సంఘాలు తామే భూముల్లోకి దిగాయి. భూస్వాములకీ, వాళ్ళతో ఉన్న మత సంఘాలకీ, వీళ్ళకీ మధ్య పల్లెల్లో పగలు పెరిగాయి. 1965 అక్టోబరు నుంచి సైన్యం దన్నుతో వేట మొదలైంది. దేశం మొత్తం మీద కనీసం అయిదు లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. తూర్పు జావా మహా ఘోరంగా దెబ్బతిన్న చోట్లలో ఒకటి. ఎక్కువమంది యుద్ధంలో పోలేదు. రాత్రి పూట ఇంటి నుంచి తీసుకెళ్ళారు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఏ సంఘం మీటింగుకి వెళ్ళారో సైనికుడికి తెలియదు. ఊరివాళ్ళకి తెలుసు.

ఈ పేరా రాయాలా వద్దా అని రూములో వాదించుకున్నాం. ఊరి కట్టుబాటు మంచిదని చెప్పే పోస్టులో ఇది ఎందుకు అని ఒకరు అన్నారు. ఉంచాలనే అనుకున్నాం. ఒకరి సంగతి ఒకరికి తెలియడం అనేదే ఆ ఊళ్ళని వందల ఏళ్ళు కాపాడింది. ఆ తెలిసిన సంగతుల్ని పైనుంచి ఎవరో జాబితాగా అడిగినప్పుడు అవే మనుషుల్ని చంపాయి. మన్యంలో పుట్టినవాళ్ళం, రెండు వైపుల నుంచీ రాత్రి పూట వచ్చి పేర్లు అడిగిన రోజుల గురించి పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళం. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ప్రతి మనిషికీ సర్కారు గుర్తించిన మతం ఒకటి ఉండి తీరాల్సిన పరిస్థితి వచ్చింది. మతం లేనివాడంటే కమ్యూనిస్టు అనే అనుమానం. టెంగ్గెర్ వాళ్ళు తమ ఆచారాన్ని 'బుద' అని పిలుచుకునేవారు. అది గుర్తింపు పొందిన మతాల పట్టీలో లేదు. 1970ల మొదట్లో వాళ్ళ పెద్దలు హిందూ పరిషత్తు కింద చేరారు. జనాభా లెక్కల్లో మతం గడి దగ్గర మనవాళ్ళకి ఏం రాయాలో తోచక ఆగిపోవడం మనకి తెలుసు. వాళ్ళకి ఆగే వీలు కూడా లేకపోయింది, ప్రాణ భయంతో రాయాల్సి వచ్చింది.

కొండ ఊరికి మనుషులే కాదు, కొండే ఆపద. దీనికి మధ్య జావాలోని దియెంగ్ పీఠభూమికి వెళ్ళాలి. అక్కడా ఇలాంటి ఎత్తైన ఊళ్ళే, ఇలాంటి బంగాళాదుంప చేలే. 1979 ఫిబ్రవరి 20 తెల్లవారుజామున సినీలా అనే బిలం పేలింది. పక్కనున్న కెపుచుకాన్ ఊరివాళ్ళు పిల్లాజెల్లాతో పరిగెత్తారు. వాళ్ళు పారిపోయిన దారి దగ్గరే నేల చీలి కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చింది. రంగు లేదు, వాసన లేదు, గాలి కంటే బరువు. నేలనంటి పల్లంలోకి పారుతుంది. 149 మంది దారిలోనే పడి చనిపోయారు. సరైన పనే చేశారు వాళ్ళు, పేలుడు వినగానే కదిలారు. వాళ్ళకి తెలిసిన సూచనల్లో ఆ గాలికి సూచన లేదు. ఆ ఊరు మళ్ళీ నిలబడలేదు. ఇప్పుడు అక్కడ గ్యాస్ కొలిచే పరికరాలు పెట్టారు.

టెంగ్గెర్‌కి తిరిగొస్తే, 1982లో బ్రోమో, సెమేరు కొండల్ని కలిపి జాతీయ పార్కుగా ప్రకటించారు. 50,000 హెక్టార్లకు పైగా ఉంటుంది. న్గాదాస్, రానుపానీ అనే రెండు ఊళ్ళు ఆ పార్కు కడుపులో ఉండిపోయాయి. చుట్టూ పార్కు, మధ్యలో ఊరు. చుట్టూ హద్దు ఉంది కాబట్టి చేను పెరగదు, పిల్లలు పెరుగుతారు. 1970ల నుంచి రోడ్డు, ఎరువు, పురుగుమందు వచ్చాక మొక్కజొన్న పోయి బంగాళాదుంప, క్యాబేజీ, ఉల్లి వచ్చాయి. డబ్బు కళ్ళజూశారు, వ్యాపారి దగ్గర అప్పూ చూశారు. నిట్టనిలువు వాలుల్లో పై మట్టి వానకి కొట్టుకుపోతోంది. సూర్యోదయం చూడ్డానికి వచ్చే టూరిస్టులకి జీపులు నడిపి కొందరు బాగుపడ్డారు.

అయినా భూమి చేతులు దాటకుండా చాలావరకు పట్టుకున్నారు. న్గాదాస్‌లో భూమిని బయటివాళ్ళకి అమ్మకూడదు అనేది ఊరి కట్టుబాటు. మనకి 1/70 ఉంది, చట్టం. వాళ్ళకి అలాంటి చట్టం లేదు, మాటే. మనకి చట్టం ఉండి కూడా రోడ్డు పక్క స్థలాలు ఎవరి పేర్ల మీద ఉన్నాయో, ఎవరి చేతుల్లో ఉన్నాయో మీ మండల కేంద్రంలో ఒకసారి నడిచి చూడండి.

ఇంకొకటి మమ్మల్ని కొంచెం సిగ్గుపడేలా చేసింది. జావాలో పాత సామెత లాంటి లెక్క ఒకటుంది: కొడుక్కి కావడి, కూతురికి వీపు మీద బుట్ట. కావడికి రెండు తట్టలు కదా, కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. టెంగ్గెర్‌లో అలా కూడా కాదు, కూతురికీ కొడుక్కీ సమానం. మరి మనలో? హిందూ వారసత్వ చట్టం ఎస్టీలకి వర్తించదు, కాబట్టి మన ఆచారమే చట్టం. ఆ ఆచారంలో చాలా ఊళ్ళలో అక్కాచెల్లెళ్ళకి ఎంత వస్తుందో మగవాళ్ళం మనకి బాగా తెలుసు. మా ముగ్గురిలో ఇద్దరికి అక్కలున్నారు. ఇంట్లో ఇంకా అడగలేదు.

కాగితం సంగతి చెప్పి ఆపేస్తాం. తూర్పు జావా పల్లెల్లో చాలామంది దగ్గర ఉండేది పెతోక్ అనే పత్రం. అది పన్ను కట్టినట్టు రుజువు, యాజమాన్యం కాదు. మన శిస్తు రసీదు లాంటిదే. భూములన్నిటికీ సర్టిఫికెట్లు ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2017 నుంచి పెద్ద ఎత్తున కొలతలు వేస్తోంది. అడవి సంగతి వేరే. 1999 అటవీ చట్టం సంప్రదాయ అడవిని కూడా 'ప్రభుత్వ అడవి' అని రాసింది. ఆదివాసీల సమాఖ్య కోర్టుకెక్కింది. 2013 మే 16న రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాక్యంలో 'ప్రభుత్వ' అన్న ఒక్క మాట కొట్టేసింది. అంతకు సుమారు నెల ముందే, ఏప్రిల్ 18న, మన సుప్రీంకోర్టు నియమగిరి మీద గ్రామసభలు నిర్ణయించాలని చెప్పింది. 1870లో ఒక్క వాక్యంతో పోయింది తిరిగి రావడానికి 143 ఏళ్ళు పట్టింది. అదీ పూర్తిగా రాలేదు. ఫలానా జనం ఇక్కడి సంప్రదాయ సమాజమే అని స్థానిక ప్రభుత్వం ముందు రాసివ్వాలి, అప్పుడే అడవి వాళ్ళదవుతుంది. మళ్ళీ రుజువు చేసుకోవాల్సింది వాళ్ళే.

మన ఆర్‌ఓఎఫ్‌ఆర్ అర్జీలతో పాటు పెద్దవాళ్ళ వాంగ్మూలం, పాత సమాధులు, పూజ చేసే చెట్టు కూడా సాక్ష్యంగా పెట్టొచ్చని రూల్సులోనే ఉంది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మేము ముగ్గురం మా ఊళ్ళలో అవి ఎక్కడెక్కడున్నాయో పెద్దవాళ్ళని అడిగి ఒక నోటుబుక్కులో రాసుకొస్తాం. మీరూ రాసుకురండి. ఒక ఊరిది ఎలా రాశామో వచ్చే పోస్టులో పెడతాం. పొలాల సరిహద్దులు అందులో ఉంటాయి గానీ ఎవరింట్లో ఎవరున్నారో ఉండదు.